అట్టపెట్టె మీద యూరప్

మొన్న సోమవారం పొద్దున మా కొట్టు ముందు ఆటోలోంచి ఒక ఏసీ దిగింది. కోరుట్ల బస్టాండు వెనక వీధిలో కరెంటు సామాన్ల కొట్టు నాది. దగ్గర్లోని పళ్ళ డాక్టరుగారి క్లినిక్కులో బిగించాల్సిన ఏసీ అది. కత్తితో టేపు కోసి పెట్టె రెక్కలు రెండూ విప్పానో లేదో, కొత్త అట్ట వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. నేను ఏసీ సంగతి మరిచిపోయి, ఆ రెక్కను అరచేత్తో నిమురుతూ నిలబడిపోయాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా ఆవిడ లక్ష్మి కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇగ షురువైంది. మల్ల యూరప్ గీస్తవా?" అంది. నాకు నవ్వాగలేదు. గియ్యకుండా ఎలా ఉంటాను? మార్కరు ఎక్కడ పెట్టావని ఆమెనే అడిగాను.

ఆ అట్ట వాసనలో నాకు ప్రసాదరావు సార్ ఉంటారు. సౌదీలో, హుఫూఫ్ ఊరి చివర, నేను పనిచేసిన కంపెనీకి ఆయన స్టోరు కీపరు. చేసేది స్టోరు కీపరు పని, ఆ దేశంలో ఉండనిచ్చే అకామా కార్డు మీద రాసి ఉన్నది మాత్రం 'ఆమిల్', అంటే కూలీ. అసలు ఆయన తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఏళ్ళ తరబడి చరిత్ర చెప్పిన లెక్చరరు. ఖాళీ ఏసీ పెట్టెలు చింపి, లోపలివైపు లావుపాటి నల్ల మార్కరుతో యూరప్ పటం గీసి, దాని మీద దబదబా చేత్తో కొడుతూ, కేబుళ్ళు లాగే మాలాంటి వాళ్ళకు ఫ్రెంచి విప్లవమూ యూదుల కథా చెప్పిన మనిషి. మీరు ఆయన్ని చూసి ఉండరు. చూసి ఉంటే ఈపాటికి మీకూ ఒక ప్రశ్న వేసి, జవాబు చెప్పేదాకా కదలనిచ్చేవారు కాదు.

ప్రశ్నలు ఆయన స్టోరు పద్ధతి. ఫోర్మన్ చీటీ రాసిస్తే సామాను ఇవ్వాలని కంపెనీ రూలు. చీటీతో పాటు ఒక జవాబు కూడా ఇవ్వాలని సార్ రూలు. "రొట్టె కరువైతే ముందు వీధిలోకొచ్చేదెవరు? చెప్పి డ్రిల్ బిట్టు పట్టుకెళ్ళు" అనేవారు. ఎవరో "పోలీసోల్లు" అంటే, కౌంటరు మీద చెయ్యి దభీమని చరిచి, "ఆడాళ్ళయ్యా, ఆడాళ్ళు! వంట చేసేవాళ్ళకేగా ముందు తెలిసేది!" అని, వెనక బారులు తీరిన వాళ్ళందరికీ వినబడేలా రాజుగారి కోట మీదికి నడిచిపోయిన ఆడవాళ్ళ కథ మొదలుపెట్టేవారు. అవతల మలయాళీ ఫోర్మన్ లబోదిబోమంటూ ఉండేవాడు. బారు కదిలేది కాదు. మాకు మాత్రం ఆ కిటికీ దగ్గర నిలబడడం పండగలా ఉండేది.

నేను చేరి ఏడాది దాటాక ఒకరోజు, కేబులు చివర బిగించే రాగి లగ్గుల కోసం వెళ్ళాను. చీటీలో ఫోర్మన్ సైజు తప్పు రాశాడు. నేను చూసి, "సార్, గీ కేబులుకు గియి పట్టయి, ముప్పై అయిదువి ఇయ్యుర్రి, బోల్టు రంధ్రం ఎనిమిదిది చూడుర్రి" అన్నాను. సార్ చేతిలోని డబ్బా కింద పెట్టి నా మొహంలోకి చూశారు.

"ఏవయ్యా, నీ పనేంటి?"

"హెల్పర్ సార్."

"అది నీ కార్డు చెప్పే మాట. నేను కార్డునడగలేదు, నిన్నడిగా. నీ పనేంటి?" కౌంటరు మీద చెయ్యి పడింది.

"ఎలక్ట్రీషియన్ సార్. జగిత్యాలల ఐటీఐ చేసిన."

"మరి ఆ ముక్క నోట్లోంచి రావడానికి రెండుసార్లడగాలా!" అని గట్టిగా నవ్వారు. నేను సిగ్గుపడ్డాను. ఏజెంటు దగ్గర ఉన్నవి కూలీ వీసాలే కాబట్టి కూలీగా వచ్చాను. నా సర్టిఫికెట్ ట్రంకుపెట్టె అడుగున అలాగే పడి ఉంది. ఏడాది పాటు అందరూ హెల్పర్ అని పిలిస్తే నేనూ హెల్పర్ననే అనుకోవడం మొదలుపెట్టాను. ఆ రోజు స్టోరు నుంచి లగ్గులతో పాటు నా పని పేరు కూడా వెనక్కి తెచ్చుకున్నాను. సైటు దాకా ఎగురుకుంటూ పోయానంటే నమ్మండి.

ఇక మా రూమ్ గురించి చెప్పాలి. రూమ్ అంటే నాలుగు గోడలనుకునేరు. ఖర్జూరం తోటల మధ్య పాత ఇంట్లో పదకొండు మందిమి, అందరం కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం. మాకు ఊరూ అదే, కోర్టూ అదే, కష్టమొస్తే దిక్కూ అదే. దానికి పెద్ద గంగారాం మామ. తగువు తెగాలన్నా, ఎవరు ముందు ఇంటికి సెలవు మీద పోవాలన్నా ఆయన మాటే మాట. మనిషి మితభాషి. బజారులో నడుస్తూ ప్రతి గోడ మీదా చెయ్యి రాసి, "గీ గిలాబు ఎవడు వెట్టిండో గని, ఆని చేతులు ఇరగ" అని సిమెంటు పూత పూసినవాణ్ణి తిట్టడం ఒక్కటే ఆయనకున్న సరదా. రూములో ఇంకో ఆచారం ఉండేది. ఇంటికి శాశ్వతంగా వెళ్ళిపోయేవాడు తన స్టీలు కంచం వదిలిపెట్టి వెళ్ళాలి, కొత్తగా వచ్చినవాడు అందులో తినాలి. నా కంచం మీద 'మల్లయ్య' అని చెక్కి ఉండేది. ఆ మల్లయ్య ఎవరో నేనెన్నడూ చూడలేదు, అయినా రోజూ ఆయన పేరు మీదే అన్నం కలుపుకునేవాణ్ణి.

శుక్రవారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం మా రూములో మాంసం వండితే సార్‌ని భోజనానికి పిలిచేవాళ్ళం. తిన్నాక ఆయన ఊరికే కూర్చునే రకం కాదు. చంకలో పెట్టుకొచ్చిన అట్టను గోడకు ఆనించి, "ఈవేళ ఎక్కడిదాకా వచ్చాం?" అనేవారు. విశ్వవిద్యాలయంలో ఆయన పరిశోధన మొదలుపెట్టింది ఈ విషయం మీదే: ఫ్రెంచి విప్లవం వచ్చాక యూరప్‌లో యూదులు ఏమయ్యారు? సగం రాసేసరికి ఇంటి అవసరాలు ముంచుకొచ్చి గల్ఫుకు రావలసి వచ్చింది. ఆ మిగిలిపోయిన సగమంతా ఆయన గొంతులో ఉడుకుతూ ఉండేది. మొదటిరోజు గంగారాం మామ గుమ్మం వైపు చూసి, "సార్, గీ దేశంల గా పేరు తీసుడు మంచిగుంటదా?" అన్నాడు. "మనుషుల కథయ్యా గంగారాం, రాజకీయం కాదు. పక్కింటివాడిలో నిన్ను నువ్వు చూసుకోడానికి చెబుతున్నా" అన్నారు సార్. ఆయన చెప్పే తీరులో మాకు రెండో శుక్రవారానికే భయం పోయింది.

ఊరి మధ్య ఒక గోడ, దానికొక గేటు, పొద్దుగూకితే బయటినుంచి తాళం. గోడ లోపల యూదులు. వాళ్ళ తగువులు తీర్చడానికి వాళ్ళ పెద్దమనుషులే, వాళ్ళ పన్ను వసూలు చేసేదీ వాళ్ళే. కొన్ని ఊళ్ళలో అడుగు పెట్టాలంటే పశువుల మీద వేసినట్టు ఒంటి మీద సుంకం. కొన్ని రాజ్యాల్లో ఇంటికి ఒక్క కొడుక్కే పెళ్ళి అనుమతి. ఈ మాట విని మా రూములో అందరికంటే చిన్నవాడైన శీనుకు నవ్వాగక పొలమారింది. "మా అన్నకే పెండ్లయితుండె. నేను సన్యాసం పుచ్చుకుంటుంటి" అన్నాడు. సుంకం మాట విని మాత్రం ఎవరూ నవ్వలేదు. మా కార్డులకు కట్టే ఫీజుల గురించి అందరికీ ఒకేసారి ఆలోచన వచ్చినట్టుంది.

తర్వాతి శుక్రవారం విప్లవం. పారిస్ సభలో వాదన ఎలా జరిగిందో సార్ తానే రెండు పక్షాలై ఆడి చూపించారు. మనిషి అన్నవాడికి హక్కులుంటాయని రాసుకున్నాక, యూదుడు మనిషి కాదా? ఒక్కొక్కడికీ పౌరుడిగా అన్నీ ఇద్దాం, కాని వేరే జాతిగా, వేరే కోర్టుతో, వేరే గుంపుగా ఉంటానంటే ఏమీ ఇవ్వవద్దు. అదీ బేరం. సార్ తువ్వాలు నడుముకు బిగించి అటూ ఇటూ గెంతుతూ ఉంటే మేం మోకాళ్ళ మీద లేచి చూశాం. ఆ పైన ఫ్రెంచి సైన్యాలు ఆ చట్టాన్ని భుజాన వేసుకుని ఇటలీలోకి, జర్మనీ ఊళ్ళలోకి నడిచాయి. "గేట్లు పీకేశారయ్యా! నడివీధిలో వేసి తగలబెట్టారు! ఆ మంట చుట్టూ లోపలివాళ్ళూ బయటివాళ్ళూ చేతులు పట్టుకుని గంతులేశారు!" అని ఆయన అట్ట మీద చరిస్తే అట్ట కింద పడింది. శీను ఈల వేశాడు. నాకు ఒళ్ళంతా పులకరించింది. పుస్తకంలో ఉండేది ఇలా ఉడుకు నెత్తురుతో ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

అప్పుడు గంగారాం మామ మెల్లగా అడిగాడు. "గేటు కాలవెట్టినంక, ఆల్ల పెద్దమనిషి ఏమైండు సార్?"

సార్ మామ రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. "నా గైడు కూడా అడగలేదయ్యా ఈ ప్రశ్న! అదే, అదే అసలు కథ! అంతవరకూ వాళ్ళలో ఎవడికీ 'నేనెలాంటి యూదుణ్ణి?' అని అడుక్కునే పనే పడలేదు. గోడే చెప్పేది. గోడ పోయాక ప్రతివాడూ ఎవడి జవాబు వాడు వెతుక్కోవాల్సొచ్చింది. పెద్దమనిషితో సహా!" పెద్దమనిషి ఏమయ్యాడో వచ్చే వారం చెబుతానన్నారు. ఆ వచ్చే వారం రాలేదు.

రాకపోవడానికి కారణం రంగులు. సౌదీవాళ్ళకు తగినన్ని ఉద్యోగాలిచ్చిన కంపెనీకి పచ్చ, ఇవ్వనిదానికి ఎరుపు, ఇదీ నితాకత్. మాది ఎరుపులోకి పోయింది. ఎరుపు కంపెనీ మనుషుల అకామాలకు గడువు పెంచరు. అయితే పాత కఫీల్, అంటే మమ్మల్ని రప్పించుకున్న యజమాని, ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారిపోవచ్చు, కార్డు మీద పని పేరు కూడా మార్పించుకోవచ్చు. వద్దనుకుంటే ఏ జరిమానా లేకుండా ఎగ్జిట్ తీసుకుని ఇంటికి పోవచ్చు. అన్నేళ్ళుగా మా పాస్‌పోర్టులు బీరువాలో పెట్టుకున్న మనిషి చేతిలోంచి ఒక్కసారిగా మేం జారిపోవచ్చన్నమాట. ఆ వారం మా రూములో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు. పచ్చరంగు కంపెనీ ఒకటి మనుషుల్ని తీసుకోవడానికి మా యార్డుకే వస్తోందని తెలిసింది.

గంగారాం మామ అందరినీ కూర్చోబెట్టాడు. "ఒక్కొక్కన్ని ఒక్కో పనికి రాసుకుంటే ఒక్కొక్కన్ని ఒక్కో ఊరికి తోలుతరు. అందరం ఒక్క పనే చెప్పాలె. హెల్పర్ అందాం. ఒక్క సైటుకే వోతం, రూమ్ గిట్లనే ఉంటది. సమజైందా? సార్ చెప్పిన కథల గేటు కాలవెట్టి గా ఊరును చెల్లాచెదురు చేసిన్రు. మనకు గా గతి వద్దు." అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అదే కథ విని మామకు గోడ పోయిన బాధ మిగిలింది, నాకు గేటు తెరుచుకున్న సంబరం మిగిలింది. హెల్పర్ అని రాయించుకుంటే ఇక జన్మంతా హెల్పరే. ఎలక్ట్రీషియన్ అంటే రూమ్ పోతుంది. మూడేళ్ళుగా నాకు జ్వరమొస్తే గంజి కాచిపోసిన రూమ్ అది.

మర్నాడు స్టోరుకు పోయి, చీటీ లేకుండానే కిటికీ దగ్గర నిలబడ్డాను. సంగతంతా చెప్పి, "ఏం చెయ్యమంటరు సార్?" అన్నాను. ఆయన కస్సుమన్నారు. "నన్నడుగుతావేంటయ్యా? ఒక పెద్దమనిషి మాట కాదని ఇంకో పెద్దమనిషి మాట వింటానంటావు. అదేం విడుదల?" కాసేపటికి గొంతు తగ్గించి, "గంగారాం తెలివితక్కువవాడు కాదు. గుంపు పోతే మనిషికి చలేస్తుంది, అది నిజం. అక్కడా కొందరు గేటు కాలుతుంటే ఏడ్చారు. నువ్వేది చెప్పినా దానికి వెల ఉంటుంది. ఏదైనా ఊరికే వస్తుందని మాత్రం అనుకోకు" అన్నారు. అంతే. లగ్గుల డబ్బా సర్దుకోవడంలో పడిపోయారు.

కొత్త కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు మనిషి. యార్డులోని పోర్టా క్యాబిన్‌లో బల్ల వేసుకుని కూర్చున్నాడు. గంగారాం మామ మా పదిమందినీ వెంటబెట్టుకుని ఒక్కసారే లోపలికి నడిచాడు. రూమ్ తరఫున తానే మాట్లాడతానని సైగలతో చెప్పబోయాడు. ముదీర్ చెయ్యి అడ్డం పెట్టి, "వాహద్, వాహద్" అన్నాడు. ఒక్కొక్కరే రావాలట. మామ మొహం చిన్నబోయింది. అందరినీ బయటికి పంపి, పాత నంబర్ల వరసలో పిలవడం మొదలుపెట్టారు. అందరికంటే పాత నంబరు ప్రసాదరావు సార్‌ది.

క్యాబిన్ కిటికీ తెరిచే ఉంది. మేమంతా దాని కిందే ఉన్నాం.

"ఇంతా ఏష్ షుగుల్?" అని ముదీర్ అడిగాడు. నీ పనేంటి అని. సార్ రోజూ మమ్మల్ని అడిగే ప్రశ్నే.

సార్ గొంతు యార్డంతా వినబడింది. "ముదర్రిస్! తారీఖ్!" ఉపాధ్యాయుణ్ణి, చరిత్ర చెబుతాను.

లోపల ముదీర్ నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. లేచి సార్‌తో చెయ్యి కలిపాడు, తన తండ్రి కూడా బడిపంతులేనని చెప్పాడు. ఆపైన చేతులు రెండూ చాపి, మాది కేబుళ్ళు పరిచే కంపెనీ, ఈ వయసులో మీకు ఆమిల్ తప్ప ఇంకేదీ రాయలేను, రాయమంటారా అని అడిగాడు. "వద్దు. ఎగ్జిట్ తీసుకుంటా" అన్నారు సార్. బయటికొచ్చిన మనిషి మొహం వెలిగిపోతోంది. ఉద్యోగం పోయిన మొహమా అది? నా భుజం పట్టుకుని కుదిపేస్తూ, "అడిగాడయ్యా! తొమ్మిదేళ్ళకి ఒక్కడు నన్ను నీ పనేంటని అడిగాడు! అడిగినవాడికి అబద్ధమెలా చెబుతాను?" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తర్వాత మా వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళారు. గంగారాం మామ లోపల కాస్త ఎక్కువసేపు ఉన్నాడు. ముదీర్ ప్రశ్న రెండుసార్లు వినబడింది, ఆ తర్వాత మామ జవాబు: "హెల్పర్." శీను హెల్పర్. అందరూ హెల్పర్. నా వంతు చివరిది. లోపలికి పోయేదాకా నేను హెల్పర్ అనే చెబుదామనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. ముదీర్ తల ఎత్తి నా మొహం చూసి అడిగేసరికి, నా నోట్లోంచి "కహర్బాయి" అని వచ్చేసింది. ఎలక్ట్రీషియన్ అని. ఆయన కనుబొమ్మలు ఎగరేసి, అయితే మోటారుకు స్టార్ డెల్టా కనెక్షను గీసి చూపించమన్నాడు. బల్ల మీద కాగితాలన్నీ అరబ్బీ ఫారాలే. నేను చుట్టూ చూసి, మూలనున్న ఖాళీ ఏసీ పెట్టె రెక్క చర్రున చింపి, ఆయన మార్కరే తీసుకుని, అట్ట మీద గీశాను. ఒక్క గీత తప్పలేదు. గీస్తున్నంతసేపూ నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ముదీర్ ఆ అట్టను తిప్పి తిప్పి చూసి, రాసుకోమని టైపిస్టుకు సైగ చేశాడు.

ఆ సాయంత్రం రూములో ఎవరూ నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర నేనే నోరు విప్పాను. "మామా, ఆయన నన్ను అడిగిండే. నేనేం జెయ్యాలె?"

గంగారాం మామ ముద్ద దించాడు. "ఆయన ఒక్కసారి అడిగిండు. మేం పది మందిమి మూడేండ్ల సంది అడుగుతనే ఉన్నం గదరా, మాతోని ఉంటవా అని. అది అడుగుడు కాదా?"

నేను కంచం తీసుకుని లేచాను. వెళ్ళేరోజు ఆచారం ప్రకారం మల్లయ్య కంచం కడిగి దొంతి మీద పెట్టాను. మామ దాన్ని తీసి గుమ్మం బయట, చెప్పుల పక్కన పెట్టాడు. ఇక ముందు అందులో ఎవరూ తినరని అర్థం. మామ వ్యూహం ఫలించింది కూడా. పదిమందినీ ఖతీఫ్‌లో ఒకే సైటుకు పంపారు, రూమ్ రూములాగే నిలిచింది. నన్నొక్కణ్ణి రియాద్‌లోని సులైకి, గోదాముల మధ్య ఉన్న వర్కుషాపుకు పంపారు. సార్ ఎగ్జిట్ మీద తెనాలి వెళ్ళిపోతూ యూరప్ అట్టను నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టారు. "సగమే చెప్పాను. మిగతాది నువ్వే చదువుకో" అన్నారు.

సులైలో పని నేర్చుకున్నాను, ప్యానెల్ బోర్డులు కట్టాను, కార్డు తీసి చూసుకుంటే నా పని పేరు నాకు కనబడేది. ఒంటరిగా తిన్నాను కూడా. తింటున్నప్పుడు, గుంపు పోతే చలేస్తుందన్న సార్ మాట గుర్తొచ్చేది. ఫోనులో ఇంగ్లీషు పుస్తకాలు దింపుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మిగతా సగం చదివాను. అబ్బ, ఏం కథ అది! గేటు దాటినవాళ్ళు డాక్టర్లయ్యారు, ప్లీడర్లయ్యారు, పత్రికలు పెట్టారు. ఇంటి భాష వదిలి ఊరి భాష పట్టుకున్నవాళ్ళు, ప్రార్థననే ఊరి భాషలోకి మార్చినవాళ్ళు, ఒక్క ఉద్యోగం కోసం మతమే మార్చుకున్నవాళ్ళు, ఏదీ మార్చమని భీష్మించుకున్నవాళ్ళు, మాకూ ఒక దేశం కావాలన్నవాళ్ళు. ఆ సైన్యాలను నడిపిన ఫ్రెంచి చక్రవర్తి ఓడిపోయాక కొన్ని ఊళ్ళలో గేట్లు మళ్ళీ బిగించారు, మళ్ళీ విప్లవాలొచ్చి మళ్ళీ ఊడదీశాయి. నూరేళ్ళ పాటు అదే ఊగులాట. ప్రతి పేజీలో నాకు మా రూమువాళ్ళు కనబడేవారు.

ఆ తర్వాతి శతాబ్దానికి వచ్చాను. పౌరులని రాసిచ్చిన దేశాల్లోనే, ఇరుగుపొరుగు చూస్తుండగా, వాళ్ళను రైళ్ళకెక్కించి తీసుకుపోయి చంపారు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. తెనాలికి ఫోను చేసి అరిచినంత పని చేశాను. "సార్, గిది ఎందుకు చెప్పలే? గేటు దాటుడే తప్పయ్యింది గద ఆఖరుకు!"

ఆ ఒక్కసారే సార్ గొంతు అంత నెమ్మదిగా విన్నాను. "చెప్పేవాణ్ణే రాజేశం. నువ్వు గడప మీద నిలబడ్డ వారం అది. చివర ఒక్కటే చెబితే ఏ గడపా దాటవు. విను. తలుపు తీసుకుని బయటికొచ్చినవాళ్ళది తప్పు కాదు. చంపినవాళ్ళది తప్పు. ఈ రెండూ ఎప్పుడూ కలపకు. కలిపితే చంపినవాడే గెలిచినట్టు." తర్వాత గొంతు మారింది. "మరి చదివావుగా, ఇప్పుడు చెప్పు, పెద్దమనిషి ఏమయ్యాడు?" అని పరీక్ష మొదలుపెట్టారు. తెనాలిలో ఇంటి వరండాలో పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నానన్నారు. వెనక పిల్లల గోల వినబడుతూనే ఉంది. ఆయన పరిశోధన పూర్తి చేయలేదు. రెండేళ్ళ కిందట, పాఠం చెబుతూ చెబుతూ కుర్చీలో ఒరిగిపోయారని వాళ్ళమ్మాయి ఫోను చేసింది. ఆ రోజు కొట్టు మూసి, గోడకున్న పాత అట్ట ముందు కూర్చుని ఏడ్చాను.

నితాకత్ తర్వాత లెవీలొచ్చాయి. పరాయి దేశపు మనిషి తలకింత అని కంపెనీ నెలనెలా కట్టాలి. ఒంటి మీద సుంకం అని నేను సులైలో ఒక్కణ్ణే గొణుక్కున్నాను. సుంకం బరువైతే కంపెనీ ముందుగా దించుకునేది హెల్పర్లనే. ఖతీఫ్ రూమ్ మొత్తం ఒకే నెలలో ఇంటికి వచ్చేసింది. ఎలక్ట్రీషియన్ననిపించుకున్న నేను ఇంకో రెండేళ్ళు నిలిచి, తర్వాత వచ్చి ఈ కొట్టు పెట్టాను. గంగారాం మామ ఇక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంటాడు. బజారులో కనబడితే ఇన్నాళ్ళూ రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. నేనూ పిలవడానికి ధైర్యం చేయలేదు.

మొన్న సోమవారం అట్ట మీద ఇటలీ దాకా గీశాను. గుమ్మంలో నీడ పడింది. గంగారాం మామ, చేతిలో మాడిపోయిన బల్బు హోల్డరు. ముసలివాడైపోయాడు. హోల్డరు కౌంటరు మీద పెట్టి, నా వైపు చూడకుండా అట్ట వైపు చూశాడు. చూస్తూనే లోపలికి వచ్చాడు, గోడ మీద అరచెయ్యి రాశాడు.

"గిలాబు మంచిగ రాలే" అన్నాడు. అట్ట వైపు వేలు చూపి, "సార్ చెప్పకుండనే పాయె. గేటు కాలినంక ఆల్ల పెద్దమనిషి ఏమైండు?"

లక్ష్మి కుర్చీ జరిపింది. మామ కూర్చున్నాడు. నేను అట్ట మీద చూపిస్తూ చెప్పాను. కొందరు పెద్దమనుషులు మనసులోనే గేటు మళ్ళీ కట్టుకున్నారు. కొందరు కొత్త భాష నేర్చి, వెళ్ళిపోతున్న పిల్లల వెంట నడిచారు. అందరికీ అన్నం పెట్టిన చెయ్యి ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది మామా, నీ పనేంటని వాళ్ళను అడిగినవాళ్ళెవరూ లేరు, అన్నాను. మామ కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"నన్ను అడిగిండురా గా ముదీర్. రెండు మాట్ల అడిగిండు. నాకు నోటిదాక వచ్చింది. కిటికీ కింద మీరంత ఉన్నరు. నేను వేరే చెప్తే మీరంత ఆగమైతరని మింగిన."

గోడల మీద రాసిన ఆ అరచెయ్యి, ఆ తిట్లు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. మూడేళ్ళు పక్కపక్కన పడుకుని నేను ఆయన్ని ఒక్కసారైనా అడగలేదే! సార్ నాకు నేర్పింది ఆ ఒక్క ప్రశ్నే కదా! లేచి, కౌంటరు మీద నా బలమంతా పెట్టి దభీమని చరిచాను. బల్బు హోల్డరు ఎగిరి కింద పడింది.

"మామా, నీ పనేంది?"

ఆయన ఉలిక్కిపడి లక్ష్మి వైపు, వీధి వైపు చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నడుం నిటారుగా చేసి, వీధిలోకి వినబడేలా చెప్పాడు.

"మేస్త్రీని. తాపీ మేస్త్రీని."